ఉత్తమ పురుష

జీలాంగ్ ఆస్పత్రి, మూడో అంతస్తు.
కిటికీ అవతల సముద్రం ఇవాళ బూడిద రంగు.
దుబాసీ పనికి ఒకటే వ్యాకరణం:
"ఆమె" అనకూడదు, "నేను" అనాలి.

నరాలు పీకేస్తున్నాయమ్మా, అంటారు ధనకోటి గారు,
మెడ నుంచి మడమ దాకా, తడిబట్ట పిండినట్టు.
నాకు నరాలు పీకేస్తున్నాయి, అంటాను ఇంగ్లీషులో.
పీకడానికి అక్కడ సరైన మాట దొరక్క
గాలినే మెలితిప్పి చూపిస్తాను.

మూడు స్కానులూ శుభ్రం.
"ఏమీ లేదు" అన్నది తెలుగులోకి దిగేసరికి
"నాటకాలు" అని వినిపిస్తుంది ఆవిడకి.
డాక్టర్ మెరెడిత్ పెన్ను కింద పెట్టింది.
నొప్పి నిజం. గాయమే దొరకలేదు.
ఇల్లు తగలబడకపోయినా అలారం మోగుతూనే ఉంటే
చెవులు పగిలేది నిజమేగా.

ఒక చిన్న మాత్ర, వారానికో గంట మాట,
రేవు చివరి దాకా నడక, నొప్పి ఉన్నా సరే.
ఆవిడ ఏడవలేదు.
సంచిలోంచి రెండేళ్ల బిల్లులు తీసి నా ఒళ్లో పెట్టారు.

నిన్న పక్క గదిలో ఇరవయ్యేళ్ల నిషాంత్‌ని
గోడ తెలుగులో బూతులు తిట్టింది.
ఆ వార్డులో తెలుగొచ్చింది గోడకీ, అతనికీ, నాకూ.
నన్నే తిడుతోంది, అని చెప్పాను నర్సుకి,
ఒక్క బూతూ మింగకుండా.

లేవబోతూ ధనకోటి గారు ఆగారు.
"నీకెక్కడమ్మా నొప్పి? ఇందాకట్నుంచీ మెడ పట్టుకునే ఉన్నావు."
గదిలో పలికిందల్లా చెప్పాలి, అదీ రూలే.
చెప్పాను.
డాక్టర్ కుర్చీ నా వైపు తిప్పింది.

ఏ నేనుతో మొదలుపెట్టాలో.