తునకల లెక్క

మురకంబట్టులో మిద్దెమీద గది.
కింద గ్రానైట్ పాలిష్ మిషను
రాతిని నున్నగా చేస్తా రాత్రంతా ఏడుస్తాది.
పైన నేను, తెరమీద
ఇరవైవేల అడుగుల ఎత్తున
ఒకడి తోక పట్టుకొని పోతా ఉండా.

మిస్సైల్ వదిలినా.
తెల్లదారం ఆకాశాన్ని కుట్టుకుంటా పోయి
వాడి పక్కన పేలింది.
వాడు పడలా.
పొగ లేదు, వణుకు లేదు.
వాడి పేరు పక్కన నూరు కాస్తా డెబ్బైరెండయింది, అంతే.
తిరిగొచ్చి నన్నే కూల్చినాడు.

కోపంతో ఆట లోపలి ఫైలు తెరిచినా.
ఒక వరసలో ఉండాది: తలలో మందు, తొమ్మిది కేజీలు.
పద్దెనిమిది అని కొట్టినా.
ఇంగ చూడు,
దగ్గర పేలినా పడతారు, దూరం పేలినా పడతారు,
ఎండకు రాలిన పిందెల మాదిరి.
పది నిమిషాలకే విసుగొచ్చింది.

నాగభూషణం మామ క్యారియర్ తెచ్చినాడు.
ముప్పై ఏండ్లు క్వారీలో తూటాలు పెట్టిన మనిషి.
తెరవంక చూసి, "యాడ పేలిందిరా?"
"పద్దెనిమిది కేజీలు మామా."
"కేజీలెవరడిగినారు? యాడ?"

జేబులోని చెనక్కాయ విత్తనాలు
బల్లమీద కుప్పబోసి
పిడికిలితో ఒక్క గుద్దు గుద్దినాడు.
"మందు ఊపు నాలుగు బారల్లో చచ్చిపోతాది.
తునక అట్లా కాదు, పోతానే ఉంటాది.
అయితే దూరం రెండింతలయితే
తునకలు నాలుగింతలు పలచన.
సందులో మనిషి బతికిపోవచ్చు.
తగిలితే, దేనికి తగిలిందీ అనేది ఇంకో కథ.
ఈ ఇమానానికి నరాలుండాయా?"

లేవన్నా. ఒక అంకె ఉంది, అంతే.

"అట్లయితే ఇది దెబ్బ కాదబ్బా.
బాకీలో చెల్లు రాసుకోవడం."

క్యారియర్ గిన్నె మూత తీస్తా చెప్పినాడు,
కంప్రెసర్ ఏలుమలై సంగతి.
పేల్చినాక తలకాయలు లెక్కబెట్టుకున్నారంట, అందరూ ఉండారు.
ఏలుమలై నవ్వినాడు, సంగటి తిన్నాడు,
బీడీ అడిగి లారీ ఎక్కినాడు.
గుడిపాల దాటినాక
పక్కనోడి భుజంమీద తల వాల్చినాడు.
చొక్కాకు బొక్క రాగిగింజంత.
"నిద్రనుకున్నాం," అన్నాడు మామ.
ఊరగాయ కావాలా అని అడిగినాడు.

పధ్నాలుగు రాత్రులు పట్టింది నాకు.
ఒక్క అంకెను ముప్పైనాలుగు ముక్కలు చేసినా:
నూనె గొట్టం, ఇంధనం తొట్టి,
ఎడమ ఇంజను, చక్రం దించే పిడి,
పైలట్ కుడిచెయ్యి.
మందు మళ్ళీ తొమ్మిది కేజీలే.
తునకలు ఒక్కొక్కటీ తన దారిన పోతాయి.

మొన్న రాత్రి వదిలినా.
పేలింది. వాడు పడలా.
వాడి పక్కన ఏ అంకే లేదు.
దగ్గరికి పోయి చూస్తే
పొట్ట కింద సన్నంగా ఏదో కారతా ఉండాది,
ఎండలో మెరస్తా.
ఇంకో మిస్సైల్ ఉంది. మీట మీద వేలుంది.
ఎందుకో నొక్కలా.
పదకొండు నిమిషాలు పక్కపక్కనే ఎగిరినాం.
వాడు కంప్యూటరే, నాకు తెలుసు.

రన్‌వే కనబడింది.
వాడి చక్రాల్లో ఒకటి దిగింది, రెండోది

కరెంటు పోయింది.
కింద మిషను ఏడుపూ ఆగింది.

పొద్దున గది ఊడస్తా ఉంటే
మంచం కోడు వెనకాల ఒక చెనక్కాయ విత్తనం.
బల్లకాడి నుంచి టేపు పెట్టి కొలిచినా.
పన్నెండడుగుల మూడంగుళాలు.