యాష్ట

నేను దర్జీని. ఒమన్‌ల, సూర్‌ల,
సముద్రానికి రెండు గల్లీలు ఇవతల
పద్దెనిమిదేండ్ల సంది డిష్‌డాషాలు కుడుతున్న.
మనిషి దుకాణంల అడుగువెట్టంగనే
భుజమెంతో, మెడెంతో కన్నే చెప్తది.
టేపు ఉత్త మర్యాదకు.

అసొంటి నాకు
దుకాణం వెనక రూముల పక్క చాప మీద పండే అక్కకొడుకు
మణిదీప్ సన్నవడుడు కనవడలే.
రంజాన్ గిరాకీ. నడిరాత్రి దాక మిషన్లు.
పండుగకు వానికో అంగీ కుడుదామని టేపు వెడితె
ఛాతి రెండున్నర ఇంచులు తక్కువచ్చింది.
టేపు తప్పనుకొని మల్ల కొలిచిన.
వాడు చేతులు లేపి నిలవడ్డడు,
కొలుసుడు అయిపోయినంక గూడ దించలే.

ముందుగాల నేనన్న మాటలు చెప్త, దాసుడెందుకు:
"ఏం తక్కువైందిరా నీకు?
ఎండల పనా? ఏసీ కింద కూసుంటివి.
ఇరవై రెండేండ్లకే గిట్లయితె ఎట్ల?"
ఇస్త్రీ చేసే జలాల్, చిట్టగాంగు మనిషి,
గ్లాసు నీళ్లకు దువా ఊది తెచ్చిచ్చిండు.
వాడు తాగిండు. సుక్రియా అన్నడు.
నా మాటల కంటె ఆ నీళ్లే నయం.

ఒక రాత్రి మెలకువచ్చి చూస్తె చాప ఖాళీ.
దుకాణంల, చీకట్ల, కటింగ్ టేబుల్ కాడ కూసున్నడు.
ముందట పెద్ద కత్తెర.
ముట్టుకోలే. చూస్తున్నడంతే.
నేను లైటెయ్యలే. పక్కన కూసున్న.
"సచ్చిపోవాల్నని అనిపిస్తుందారా?"
అడిగితె లేని ఆలోచన పుడ్తదేమోనని
ఇన్నొద్దులు నోరు కుట్టుకున్న.
కొత్తగ ఏం పుట్టలే. ఉన్నదే బయటికచ్చింది.
"అప్పుడప్పుడు, మామా."
ఫజర్ అజాన్ దాక అట్లనే కూసున్నం.

దవాఖానల డాక్టరమ్మ మెల్లగ అరబీల అడిగింది:
ఏమైతుంది నీకు?
వాడు నా మొకం చూసి అన్నడు,
"యాష్టకస్తుంది మామా."

యాష్ట.
మా మెట్‌పల్లి దిక్కు అందరనేదే.
బస్సు రాకుంటె యాష్ట. కరెంటు పోతె యాష్ట.
వాడన్న యాష్ట గది కాదు.
నా అరబీ ఎంత?
కాలరు, చెయ్యి, పొడుగు, రేపు రా, ఎల్లుండి రా.
"తాబాన్" అన్న. అలిసిండని.
ఎండల నడిసచ్చిన ప్రతి గిరాకీ అనే మాట.
చాలలే. ఆమె రాసుకుంటనే ఉన్నది.
లేచి నా అంగీ అంచు తిరగేసి చూపిచ్చిన:
పైనకెల్లి చూడమ్మా, మంచిగున్నది.
లోపట గీ కుట్లు, గీ దారాలు,
పొద్దంత రాత్రంత తోలును కోస్తున్నయ్ వానికి.
సగం అరబీ, సగం హిందీ, మిగిలింది చేతులు.
ఆమె పెన్ను పక్కకు వెట్టింది.
వాడు ఏడ్చిండు. నేను చూసుడు అదే మొదటిపారి.

గోలీలు.
రెండు వారాలు ఏం తేడా లేదు, నిద్ర తప్ప.
అక్కకు జ్వరమని చెప్పిన.
పది దినాలు అదే జ్వరం నడిపిచ్చిన.
ఆఖరికి నిజం చెప్తె
చానసేపు ఫోన్ల వాళ్లింటి ఫ్యాను చప్పుడే వినవడ్డది.
"పప్పుల పచ్చిమిర్చి తక్కువెయ్యిరా తమ్మీ" అన్నది.
"టికెట్ తియ్యాల్నా అక్కా?"
"నన్నెందుకు అడుగుతవ్? వాన్నడుగు."
అడిగిన.
"ఇప్పుడు ఏదడిగినా తెల్వదు మామా."
సరే, తెల్వనియ్యి.

ఇప్పుడు ఫరాఖాలు వాడే పేనుతడు.
డిష్‌డాషా మెడకాడ వేలాడే దారపు కుచ్చు,
సేట్లు అత్తరు అద్దుకునేది.
ఒకనాడు ఏడు. ఒకనాడు ఒక్కటి గూడ కాదు.
లెక్క రాసుడు బంద్ వెట్టిన.

రాత్రి దుకాణం మూసి కత్తెరలన్ని సంచిలేసి
సంచి తలకింద వెట్టుకొని పంట.
ఎందుకో చెప్పలే. వాడు అడగలే.
మొన్న పొద్దుగాల గిరాకీ నిలవడ్డడు,
బట్ట పరిచి కత్తెరకు చెయ్యి చాపిన. లేదు.
వాడే లోపటికి పోయి సంచి తెచ్చి టేబుల్ మీద వెట్టిండు.
"చాన బరువున్నది మామా,
మెడ పట్టేస్తది నీకు."

నేను బట్ట దిక్కే చూసుకుంట సాక్‌పీసుతో గీత గీసిన.
గీత వంకర పోయింది.
ఆ రాత్రి గూడ తలకిందనే వెట్టుకున్న.