కూర్మారావు వాటా

రైల్లో టీసీ చేసే పాత్రో
నాసిక్ నుంచి రెండు సీసాలు తెచ్చాడు,
తువ్వాలులో చుట్టి, పురిటిపిల్లని తెచ్చినట్టు.
సోంపేటలో మా మేడ మీద
నీళ్ళు చల్లిన గచ్చు ఇంకా ఆవిరి కక్కుతోంది.
కరెంటు పోయింది. సముద్రం గాలి మాత్రం
టైముకి డ్యూటీ ఎక్కింది.

గాజు గ్లాసులు లేవు.
స్టీలు గ్లాసులో పోస్తే రంగు తెలీదని పాత్రో బాధ.
"రంగు తాగుతామేటి?" అంది హేమసుందరి,
అడుగున చీకటిని ఒకసారి ఊపి చూసి.

సీసా వీపు మీద ఏవేవో రాసున్నాయి:
మేమెవరం తినని అడవిపళ్ళ పేర్లు,
ఓకు చెక్క పీపా, పాత తోలు.
సెల్‌ఫోను వెలుగులో చదివి దాలయ్యకి చెప్పాను.
"తోలు రుచేటి బావు, చెప్పు నాకినట్టా?"
వాడు తెచ్చిన లొట్టి గోడవార కూర్చుంది.
సాయంత్రం గీసిన కల్లు, నురగ ఇంకా గుసగుసలాడుతోంది.
దానికి చీటీ లేదు.

అప్పుడు గ్లాసు కూర్మారావు చేతికిచ్చాం.
మా అందరిలో ముక్కున్నవాడు వాడే.
జీడిపిక్కల బట్టీలో పనిచేసే రోజుల్లో
మాడు వాసన పుట్టకముందే "దించీండి" అని అరిచేవాడు.
ఇప్పుడు వారానికి రెండుసార్లు
పలాస వెళ్ళి మిషను పక్కన పడుకొస్తాడు.
రోజుకి ఇన్ని నీళ్ళే అని లెక్క.
గీతలు గీసిన చిన్న సీసా
చొక్కాజేబులో పెన్నులా వాడి వెంటే ఉంటుంది.
ఉద్దానంలో అలాంటి సీసా కొత్తేం కాదు,
ఏ వీధిలోనూ ఎవరూ వింతగా చూడరు.

కళ్ళు మూశాడు. గ్లాసు అంచుకి ముక్కు ఆనించాడు.
"నేరేడుపండు... కాదు, నేరేడు తిన్నాక నాలిక.
తొలివాన పడ్డ తాటాకు.
కొబ్బరిపీచు నానేసిన గుంత, దూరం నుంచి.
చివర్న... ఉండండర్రా...
చివర్న జీడిమామిడి పండు వగరు."
వాడు అనేదాకా ఏదీ లేదు.
అన్నాక అన్నీ మా నోళ్ళలో ఉన్నాయి.

వగరు!
పాత్రో చదివిన పుస్తకంలో దాని మీద
ఒక పేజీ వివరణ ఉందట.
మా ఊరి గుంటలకి
చొక్కా మీద మరకతో సహా తెలుసు.

ఇక జతలు కట్టడం.
ఆవపెట్టిన పనసపొట్టు కూర
సీసాని చెంప మీద ఛెళ్ళున కొట్టింది.
ముంజెలు, వైను: పెళ్ళిచూపుల్లో
ఇద్దరూ ఫ్యాను వైపే చూసిన సంబంధం.
నెత్తళ్ళ వేపుడు నమిలి ఒక గుక్క తాగి
పాత్రో సీసాకి క్షమాపణ చెప్పుకున్నాడు.
నెత్తళ్ళని కల్లు వచ్చి తీసుకెళ్ళింది,
వాళ్ళది చిన్ననాటి స్నేహం.
చివరికి కాల్చిన జీడిపిక్కలు చితక్కొట్టి,
మసి వేళ్ళతోనే నోట్లో వేసుకుని, ఆ ఎర్రటిది ఒక గుక్క.
కాసేపు ఎవరం మాట్లాడలేదు.
"నాను ముందే సెప్పాను గదా," అన్నాడు కూర్మారావు.
వాడు చెప్పలేదు. ఎవరం కాదనలేదు.

హౌరా వైపు బండి ఒకటి పోయింది.
"నలభై నిమిషాలు లేటు," అన్నాడు పాత్రో, ఎవరూ అడక్కుండానే.

పోసిన ప్రతిసారీ వాడి గ్లాసులో వాడి వాటా పోశాం.
అది మామూలు. వద్దని వాడూ అనడు.
రాత్రి బాగా గడిచాక జేబులోంచి సీసా తీశాడు.
పొద్దున్నుంచీ దాచుకున్న రెండు గీతలు.
పాత్రో నేర్పినట్టే నాలిక మీద అటూ ఇటూ తిప్పాడు.
"కుళాయి నీళ్ళు. కొంచెం ఇనుం. కొంచెం బ్లీచింగు."
మేం నవ్వబోయాం.
"మా తాత తవ్వించిన నూతి నీళ్ళు
ఎంత తియ్యగా ఉండేవో," అన్నాడు.
దాలయ్య లొట్టి మూతికి గుడ్డ కట్టడం మొదలెట్టాడు,
కట్టినదే మళ్ళీ విప్పి కట్టాడు.

మర్నాడు హేమసుందరి, నేను
చింతపండుతో గ్లాసులు తోముతున్నాం.
ఐదింట్లో ఒకటి అంచుదాకా నిండి ఉంది,
పైన ఒక చీమ తేలుతూ.
ఆ అంచు మీద
పెదవి ఆనిన మరక లేదు.