నాలుగో సూది తర్వాత

కాగితం మీద అంకె లేదు.
అంకె ఉండాల్సిన చోట ఎడమకి తిరిగిన
కాకిముక్కు లాంటి గుర్తు.
"మా మిషను పట్టుకోగలిగిన దానికన్నా తక్కువ"
అంది డాక్టర్ పిట్టాలిస్,
తప్పు తనదైనట్టు కళ్ళజోడు తుడుచుకుంటూ.

నాలుగు సూదులు. నాలుగుసార్లు భుజం సలుపు.
ఒకసారి రాత్రంతా జ్వరం.
జ్వరమొచ్చిందని సంబరపడిన మనిషి
ఈ నువోరో పట్నంలో నేనొక్కదాన్నే అయుంటాను.
లోపల ఎవరో లేచారు, అనుకున్నాను.

లేవడానికి ఎవరున్నారు?
ఆరు నెలలకోసారి కుర్చీలో కూర్చుని
సీసాలోంచి చుక్క చుక్కగా
వాళ్ళని ఊడ్పించుకుంటున్నది నేనే కదా.
గుమాస్తాలు వాళ్ళు.
గడప తొక్కిన ప్రతి దొంగ ముఖమూ
పుస్తకంలోకి ఎక్కించేవాళ్ళు.
ఒకరోజు, ఎందుకో, నా పేరే ఎక్కించారు.
వెన్నులో తీగల మీది తొడుగు చిల్లులు పడింది.
ఎడమ కాలు పరాయిదైంది.
చేతిలో సుత్తి ఉందో లేదో
చూసి తెలుసుకోవలసి వచ్చింది.
తొనారాలో నాలుగు తరాలుగా
గొర్రెల మెడగంటలు కొట్టే ఇల్లు మాది.
స్వరం కుదిర్చే ఆఖరి దెబ్బ నాది.

అందుకని గుమాస్తాల్ని పంపించేశాం.
కాలు కొంత తిరిగొచ్చింది. పుస్తకం ఖాళీ.
టీకా వచ్చి తలుపు తట్టి,
కబురు రాసుకునే మనిషి లేక
వచ్చిన దారినే పోయింది,
నాలుగుసార్లు.

"ఈసారి సీసా రెండు నెలలు వెనక్కి జరిపాం కదా?"
"జరిపాం."
ఆ రెండు నెలలూ ఎలా నడిచానో ఆవిడకి చెప్పలేదు.
తిమ్మిరి పట్టినప్పుడల్లా ఉలికిపాటు:
ఇది చెప్పు బిగువా, అదేనా?
ముందు నుయ్యి, వెనక గొయ్యి.
మధ్య గట్టు మీద చేతికర్రతో నిలబడి
ఏది తక్కువ లోతో అడుగుతున్నాను.

అప్పుడు ఇంకో కాగితం తీసింది.
కాల్యారికి పంపిన రెండో గొట్టం తాలూకుది.
"ఇవి వేరే కణాలు. రాయవు.
కానీ గుర్తుపట్టాయి. గట్టిగానే."
సరిపోతుందా?
"కొంత. ఎంతో నాకు తెలీదు.
మాస్కు మాత్రం తీయకండి."
తెలీదు అన్నందుకు ఆవిడ చెయ్యి నొక్కాను.

మా అమ్మవాళ్ళ నాన్న బకీజియో, కాపరి.
సంతకం రాదు. వేలిముద్రే.
పొగమంచు దిగిన సాయంత్రం
దొడ్డి వాకిట్లో కళ్ళు మూసుకుని గంటలు వినేవాడు.
"నూట పన్నెండు. కుంటిది రాలేదు."
పద్దు చూపించమన్న పన్నుల అధికారికి
తన చెవి చూపించాడట.
కుంటిదాన్ని వెతకడానికి మళ్ళీ కొండెక్కేవాడు.
కొన్నిసార్లు దొరికేది.

ఆదివారం తమ్ముడు జువన్నే కూతురి బాప్తిస్మం.
లోపల నలభైమంది. నేను బాల్కనీలో, కోటు వేసుకుని.
కిటికీలోంచి కరకరలాడే పల్చటి రొట్టె వచ్చింది,
జున్ను వచ్చింది, ఎవరిదో సగం తాగిన వైను గ్లాసు
పొరపాటున వచ్చి వెనక్కి వెళ్ళింది.
ఆఖర్న పాపని అద్దం దాకా ఎత్తి పట్టుకున్నారు.
పాప నా వైపు చూడలేదు. దీపం చూస్తోంది.

సంచిలోంచి గంట తీశాను.
గొర్రెపిల్ల మెడకి కట్టే చిన్నది.
పోయిన నెల కొట్టాను, మూడు వారాలు పట్టింది.
పట్టుకుని ఊపాను.
వేళ్ళకి ఏమీ తెలియలేదు.

పాప తల తిప్పింది.