పలక పట్టిన ఏడాది

ద్రాగిత్సా అరవై ఒకటో ఏట
మళ్ళీ పలక పట్టింది.
ఓనమాలు దిద్దడానికి కాదు. ఇది గాలి నింపిన పలక,
పదకొండడుగుల పొడవు, లేతాకు పచ్చ.
ముప్పై నాలుగేళ్ళు బోహిన్ లోయలో బస్సు నడిపి
మంచులోనూ ఒక్క అద్దమైనా పగలగొట్టని మనిషి
సరస్సు నడుమ మోకాళ్ళ మీద కూర్చుని
బడిలో తొలిరోజు పిల్లలా
అంచులు బిగించి పట్టుకుంది.

గురువు టిలెన్‌కి ఇరవై నిండలేదు.
"కాళ్ళకేసి చూడకండి, అవి ఎక్కడికీ పోవు.
అవతలి ఒడ్డున చర్చి గోపురం చూడండి."

లేచింది.
మోకాళ్ళలో చలికాలపు ఇంజను వణుకు.
నీళ్ళలో తలకిందులుగా కొండ,
కొండ కొసన తను.
ఎనిమిది సార్లు తెడ్డు వేసింది, తొమ్మిదోసారికి పడింది.
కరిగిన మంచునీరు
గుప్పెట పెట్టి ఊపిరి లాగేసుకుంది.
"ఈదొద్దు! వెల్లకిలా తేలండి.
ఊపిరి తిరిగి రానివ్వండి, పలక కోసం కంగారు లేదు,
మీ చీలమండకే కట్టి ఉంది."

జులైలో కోల్పా నది.
ఆ తాడే చీలమండకు చుట్టబోతే
చెయ్యి పట్టుకుని ఆపాడు.
"ఇక్కడ నడుముకి."
"తాడు తాడే కదా?"
"కాదు. నిలిచిన నీట్లో కాపాడే తాడే
పారే నీట్లో కట్టేసి ముంచుతుంది."
బెల్టు మీది ఎర్రగుండును
కళ్ళు మూసుకుని లాగమన్నాడు,
ఇరవై సార్లు.
ఆమె విసుక్కుంది:
బ్రేకు ఎక్కడుందో నాకు నేర్పుతావా?

మూడో మలుపులో నీటికి అడ్డంగా పడిన చెట్టు.
పలక అటు, ఆమె ఇటు,
నడుమ బిగిసిన తాడు,
వీపు మీద నది మొత్తం.
చెయ్యి ఆమెనడగలేదు. తనే వెళ్ళి గుండు లాగింది.
పాదాలు ముందుకు చాచి,
ముక్కు ఆకాశానికిచ్చి,
ఇసుక తగిలేదాకా అలాగే పోయింది.
పలక కొమ్మల్లో వేలాడుతూ ఉండిపోయింది,
ఎవరో ఆరేసి మరిచిన చీరలా.

ఆ దిగువన పాత పిండిమర ఆనకట్ట.
మనిషి ఎత్తు కూడా లేదు, చప్పుడు కూడా మెత్తన.
నీరు పల్లమెరుగు అంటారు గానీ
ఆనకట్ట పాదాల దగ్గర అది పల్లం మరిచిపోతుంది.
దూకినది దూకినట్టే వెనక్కి మళ్ళి
చేతికి దొరికినదాన్ని అక్కడే తిప్పుతూ కూర్చుంటుంది.
ఇద్దరూ పలకలు భుజానికెత్తి
దురదగొండి మొక్కల్లోంచి, ఆవుల మధ్య నుంచి
చుట్టూ తిరిగి నడిచారు.
ఆమె ఈసారి ఎందుకని అడగలేదు.

సెప్టెంబరులో పిరాన్.
మూడు బస్సులు మారి వచ్చింది,
ప్రతి డ్రైవరు బ్రేకునూ లోలోపల తిట్టుకుంటూ.
సముద్రం ఇస్త్రీ చేసిన దుప్పటి.
టిలెన్ మాత్రం సముద్రాన్ని చూడలేదు.
మేడల మీద ఆరేసిన తువ్వాళ్ళను చూశాడు,
అన్నీ నీటివైపే ఎగురుతున్నాయి.
"బుర్యా. నేల మీంచి వీస్తోంది. ఇవాళ వద్దు."
"అలలే లేవుగా!"
"ఒడ్డు పక్కన ఉండవు. పోవడం చాలా సుఖం."

కోపంతో వేయించిన చేపలు నమలుతూ కూర్చుంది.
అప్పుడే ఎవరి చేతి నుంచి జారిందో
గాలి నింపిన గులాబీ కొంగ ఒకటి
ముందు నుంచి దర్జాగా సాగిపోయింది,
మీద ఎవరూ లేరు.
ఒక చేప తినేసరికి అది బొత్తామంత.
ఇంకో చేప చేతిలో ఉండగానే, లేదు.
ద్రాగిత్సా నమలడం ఆపింది.

ఇప్పుడు జనవరి.
పలక గాలి తీసి, చుట్ట చుట్టి,
చెక్కబీరువా వెనక నిద్రపోతోంది.
ఆమె పాలకు బయల్దేరుతూ
గడపలో ఒక్క క్షణం ఆగుతుంది.
పక్కింటి పొగగొట్టం పొగ ఎటు వంగిందో చూసి
అప్పుడు టోపీ పెట్టుకుంటుంది.
పాలకొట్టు నలభై అడుగుల దూరం.
దారిలో నీటిచుక్క లేదు.