ఇరవై నాలుగో కాలు

గుణుపురం బస్టాండు వెనక
మూతపడిన మా టీవీ రిపేరు కొట్లో
రాత్రి పది దాటాక
నలభై కాళ్ళ జెర్రికి ప్రాణం పోస్తుంటాను.

మొదటిది విశాఖ నుంచి పార్సిల్లో వచ్చింది.
హైమ గోళ్ళరంగు చెరిపే మందు
దూదితో అద్దితే పేరు ఊడొచ్చింది.
కింద ఇంకో పేరు.
రెండోదాని కాలు నా చేతిలోనే విరిగింది.
మూడోది బరంపురంలో,
పాత ఎస్టీడీ బూతు బిల్లు మిషన్లోంచి
బిపిన్ పాణిగ్రాహి పీకి ఇచ్చాడు,
"ఎథిరె కొణొ హెబొ?" అని నవ్వుతూనే.

వోల్టేజి నూట డెబ్భైకి జారితే
తెర మీది అక్షరాలు
వరదలో వంశధార దాటే గొడ్లలా
ఒకే పక్కకి.
టేపురికార్డరు బెల్టు సాగిపోతే
ఇగ్నేసు గొమాంగో సైకిలు ట్యూబు సన్నగా కోసిచ్చి
డబ్బులొద్దు, ఓ పాట పెట్టమన్నాడు.
ఈ టేపులో కీచుమనే లెక్కలే తప్ప
పాట లేదని ఎలా చెప్పను?

పదకొండు నెలలు.
లేచేది, మూడంకెలు వేసేది, బిగుసుకుపోయేది.
చెయ్యి దగ్గరికి పోతే కదిలేది.
ఎందుకో తెలీదు.

నిన్న భూతద్దం పట్టి
ఒక్కో కాలూ లెక్కపెట్టాను.
ఇరవై నాలుగోది దేనికీ అంటలేదు.
'ఆగు' అని చెప్పే కాలది.
ఆగమనీ పొమ్మనీ ఎవరూ చెప్పక
ఇన్నాళ్ళూ గాలిలో.

ఒక్క రెసిస్టరు. రూపాయి కూడా కాదు.

తెర మూల చిన్న గడి
వెలిగింది, ఆరింది, వెలిగింది.
"అయ్యిందా?" లోపల్నించి హైమ.
బల్ల మీంచి వేలు తియ్యడానికి భయమేసి
"ఉండు" అన్నాను.