పచ్చి స్లాబు

ఇల్లు కట్టి చూడు అంటారు.
సర్జాపుర దాటాక, కావేరి పైపు ఇంకా రాని లేఅవుట్లలో
పదిహేడు కట్టి చూశాను.
కట్టడం కాదు కష్టం,
కట్టేవాళ్ళు ఒకరి కాళ్ళకొకరు అడ్డం పడకుండా చూడటం.

ఓబులేసు గోడ లేపి, పూత ఆరకముందే
ప్లంబరొచ్చి దాన్ని గుల్ల చేస్తాడు.
టైల్స్ అతను జోధ్‌పూర్ రైలు దిగి
నేలే లేని ఇంట్లో మూడు రోజులు బీడీలు కాలుస్తాడు.
ఆ పొగకీ కూలీ నేనే కట్టాలి.

అందుకని సెంట్రింగు ప్లైవుడ్ ఒకటి గోడకానించి
మార్కరుతో గళ్ళు గీశాను.
అడ్డంగా దినాలు, నిలువునా మనుషులు.
సోమవారం రాయచూరు కమ్మీ పనివాళ్ళు,
వాళ్ళ మడమల వెనకే కరెంటు పైపులతో ఫయాజ్,
ఇసుక లారీ రాత్రి పదకొండు దాటాక,
ట్యాంకరు తెల్లారి నాలుక్కి,
వీధి కుక్కలు లేవకముందే సంపు నిండాలి.
శనివారం ఆరులోపు కూలీ డబ్బులు చేతిలో పడితేనే
సోమవారం ఎనిమిదికి చేతులుంటాయి.
ఏ ఇంజినీరూ గీయని గడి అది.

తొంభై రోజుల్లో తాళంచెవి అని
ఓనరుతో పందెం లాంటి మాట.

వేగమంటే పరుగనుకునేవాణ్ణి.
పరిగెత్తిన ఇంట్లో రసమట్టం కూడా అబద్ధమాడింది.
వేగమంటే
ఒకడు చేతులు కడుక్కునేసరికి
ఇంకొకడు సిమెంటు కలపడం.
మధ్యలో ఇల్లు ఒంటరిగా నిలబడకపోవడం.

ఇంత తెలిసీ, స్లాబు వేసిన ఆరో రోజు
నేనే అన్నాను, జాకీలు పీకేద్దామని.
దొమ్మసంద్రలో ఇంకో ఇంటికి అవే కావాలి.
గడిలో అప్పుడే రాసేసుకున్నాను.

పైన పైపు పట్టుకున్న సుంకులమ్మ
నీళ్ళు ఆపకుండానే అంది:
"పచ్చి బాలింతను పురుడెళ్ళకుండా లేపి
బిందె ఎత్తుకోమంటావా సామీ?"

నా చిట్టాలో ఆమెకు పేరు లేదు.
'క్యూరింగు, ఒకరు' అని ఉండేది.

ఆ రాత్రి రాసింది కొట్టేసి
పద్నాలుగు గళ్ళ పొడవునా ఆమె పేరు రాశాను.
దాని చుట్టూ మిగతా అందర్నీ జరిపాను:
ఓబులేసు కాంపౌండు గోడకి,
ఫయాజ్ మీటరు పెట్టె దగ్గరికి,
వడ్రంగి వారం ముందుగా కిటికీలకి.
దొమ్మసంద్రకు జాకీలు అద్దెకు తెచ్చాను.
ఆ డబ్బు తీసిచ్చేటప్పుడు
జేబు కాదు, దవడ నొప్పి పుట్టింది.

తాళంచెవి తొంభై మూడో రోజు ఇచ్చాను.
ఓనరు మూడు రోజులకు కోత పెట్టాడు.
అతని క్యాలెండరులో బాలింతలు లేరు.

ముగళూరు ఇంటికి స్లాబు పరుస్తుంటే
ఒక షీటు తక్కువైంది.
ఆ ప్లైవుడ్డునే తెచ్చి, రాసిన వైపు పైకుండేలా
ఓబులేసు మేకు కొట్టాడు. నేను చూడలేదు.

జాకీలు దింపిన రోజు తలెత్తితే
కప్పు మీద, అద్దంలో చదివినట్టు తిరగబడి
నా గళ్ళు, నా తేదీలు, కొట్టివేతలు.
ఫయాజ్ సగం చెరిగిపోయాడు.
కమ్మీ పనివాళ్ళు మరకయ్యారు.
సుంకులమ్మ మాత్రం
చివరి ఒత్తు దాకా ఉంది.

సీలింగు పూత గురువారం.
శుక్రవారానికి మార్చాను.